పేరెత్తకుండా పిలవడం

తుర్తొలా స్టాపులో
ఎర్ర ట్రాము కోసం పదకొండుమంది.
ఫిబ్రవరి. మైనస్ పంతొమ్మిది.
మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల మంచు.
ఇక్కడ ఎవరూ ఎవర్నీ పలకరించరు, అది మర్యాద.

వాళ్ళ జేబుల్లో ఫోన్లు మాత్రం
సంతలో తప్పిపోయిన పిల్లల్లా
గొంతు చించుకుంటున్నాయి.

కియోస్కు కిటికీలో అరచేయంత పెట్టె, నాది.
దాని యాంటెన్నాకి ఐమో టంకం వేసిచ్చాడు,
"వణికే చేతులకి ఇదే ఆఖరి పని" అని,
నవ్వకుండా.
పెట్టె ఎవర్నీ తాకదు, ఏ తాళమూ తీయదు.
గాలిలో పడేసిన మాటల్ని ఏరుకుంటుంది, అంతే.
"అంతే" అని అనుమతి పత్రంలో కూడా రాశాను.

స్టాక్‌హోం ఓడ వైఫై, ఉన్నావా?
పంటి డాక్టరు వరండా, ఉన్నావా?
విడాకుల లాయరు ముందుగది, ఉన్నావా?
ఎవరూ పలకరు.
నిమిషం ఆగి మళ్ళీ మొదలు.

గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ
జేబులకి నోళ్ళుంటాయని ఎవరు చెప్పారు!

కొత్త ఫోన్లు కాస్త నేర్చాయి,
పూటకో మారుపేరు తొడుక్కుని తిరుగుతాయి.
చిక్కల్లా గుట్టుగా బతకాలనుకున్న వాళ్ళతోనే.
ఇంటి నెట్‌వర్క్ ఎవరి కంటా పడకూడదని
దాని పేరు దాచేస్తారు.
దాక్కున్న ఇల్లు తనంతట తాను చెయ్యి ఊపదు కదా,
ఫోనే దాని పేరు కేకేసుకుంటూ ఊరంతా తిరగాలి.
గుమ్మానికి తెర కట్టి
చిరునామాకి దండోరా వేయించినట్టు.
నా మూడేళ్ళ పరిశోధన మొత్తం ఈ నవ్వులాట మీదే.

ఆ పేర్లలో ఒకటి
రోజూ ఏడూ నలభైరెండుకి:
"కాయిసా గది."
పాత ఫోను.
ఇరవైమూడు రోజులు, ఆదివారాలు తప్ప.
పేపర్లో పెట్టడానికి చక్కటి ఉదాహరణ అనుకున్నాను.
సిగ్గుపడుతూ చెప్తున్నా, సంబరపడ్డాను కూడా.

మర్నాడు ల్యాబులో
రెండో పెట్టె ఆపడం మరచిపోయాను.
తలుపు తెరుచుకుంది. కాఫీ వాసన.
తెర మీద కొత్త వరస:
కాయిసా గది, ఉన్నావా?

ఐమో రెండు కప్పులు బల్ల మీద పెట్టాడు.
పదేళ్ళుగా ఎదురెదురు కుర్చీలు.
అతని పడవ తెలుసు, జబ్బుపడ్డ పిల్లి తెలుసు.
కాయిసా తెలీదు.
అడిగితే చెప్పేవాడేమో.
అడగడానికి నాకు దారెక్కడిది?
అతను చెప్పలేదు, అతని జేబు చెప్పింది.

"ఏమైనా దొరికిందా?"
"యాంటెన్నా బాగా పట్టుకుంటోంది."
"మరి," అన్నాడు, తన చేతులు చూసుకుంటూ.

ఆ రాత్రి ఆ వరసలు చెరిపేశాను,
బ్యాకప్‌లోవి కూడా.
నా తలలోది చెరిపే ఆజ్ఞ లేదు.
ముడి డేటా పంపమని సమీక్షకుడు రాశాడు.
పంపనని రాశాను, కారణం రాయలేదు.

పేపరు చివర, సూచనల్లో, అప్పటికే ఒక వాక్యం ఉంది:
"వాడుకలో లేని నెట్‌వర్క్‌లను మరచిపొమ్మని
వినియోగదారులకు చెప్పాలి."
ఫోన్లో దానికో మీట ఉంటుంది.
దాని మీద నిజంగానే అలా రాసుంటుంది: మరచిపో.
పొరపాటున వేలు తగిలినా చాలు.
ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను.
కిటికీ బయట మంచు తోసే బండి
పసుపు దీపం తిప్పుకుంటూ రెండుసార్లు పోయింది.

కొట్టేశాను.
దాని చోట నాలుగు పేజీల గణితం వచ్చింది.
ఫోను ఒక అంకె పంపుతుంది, ప్రతిసారీ వేరేది.
ఆ ఇల్లు దగ్గర్లో ఉంటే దానికొక్కదానికే అర్థమవుతుంది.
లేకపోతే ఉత్త గాలి.
ఎవరూ ఏదీ మరచిపోనక్కర్లేదు.
పిలుచుకోవచ్చు, ఎన్నాళ్ళైనా,
పేరెత్తకుండా.

అది ఫోన్లలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది.

పెట్టె విప్పి తెచ్చుకోవడానికి స్టాపుకి వెళ్ళాను.
ఐమో ఉన్నాడు.
యాంటెన్నా వంగిందని చూసి
చేతి తొడుగులు తీసి, వణుకుతూనే, సరిచేశాడు.
ఏడూ నలభైరెండు.
పెట్టె ఆపేసి ఉంది.
అతని జేబు ఏం అడిగిందో
నాకు వినపడలేదు.